గడ్డి చుట్టలకు ఎలాంటి ట్రక్కు కావాలి?

(కోనసీమలో వరి రైతులు, పాడి రైతులు, ట్రాక్టరు యజమానులు కలిసిన ఒక సమావేశంలో చేసిన ప్రసంగం ఇది. ఆ రోజు రాలేకపోయిన వారి కోసం రికార్డింగు నుంచి ఎక్కించాము.)

పెద్దలకు, రైతు సోదరులకు, పాడి చూసుకునే అక్కచెల్లెళ్లకు నమస్కారం. వెనక నిలబడిన ట్రాక్టరు డ్రైవర్లు దయచేసి ముందుకు వచ్చి కూర్చోండి. ఈ రోజు నేను చెప్పబోయే మాటల్లో సగానికి పైగా మీ ప్రాణాలకు సంబంధించినవే.

కోత మిషన్లు వచ్చిన తరువాత మన చేలల్లో గడ్డి సంగతి పూర్తిగా మారిపోయింది. చేత్తో కోసి, పనలు వేసి, కుప్ప నూర్చిన కాలంలో గడ్డి కళ్లంలోనే చేతికి వచ్చేది. మిషను కోసిన చేలో గడ్డి బారులుగా పడి ఉంటుంది. దాన్ని ఏరి, మోసి, మేటు వేసే మనుషులు దొరకక ఎంతో మంది రైతులు రబీలో పండిన దాళ్వా గడ్డిని చేలోనే తగలబెట్టి ఖరీఫ్ పంట అయిన సార్వాకు దుక్కి చేసుకున్నారు. పక్క ఊళ్లో గేదెలకు మేత లేక పాడి రైతు వెతుక్కుంటూ ఉంటే ఇక్కడ గడ్డి మండిపోయేది. గడ్డిని చుట్టలుగా కట్టే బేలరు యంత్రం వచ్చాక ఆ బాధ కొంత తీరింది. మంచిదే. అయితే ఒక మాట అడుగుతాను. బేలరు ఏ కంపెనీది, ఎన్ని గుర్రాల శక్తి కావాలి, సబ్సిడీ ఉందా లేదా అని అందరూ అడుగుతారు. చేలో పడిన చుట్ట పాక దగ్గరికి ఎలా చేరాలి, ట్రాక్టరు వెనక తగిలించే ఏ ట్రక్కు మీద చేరాలి అని ఎవరైనా అడుగుతున్నారా? ఇంట్లో ఉన్న ట్రక్కు చాలదా అనుకుంటారు. ఇంట్లో ఉన్న ఆ ట్రక్కును మట్టి కోసం, ఇటుకల కోసం, ధాన్యం బస్తాల కోసం చేయించాము. గడ్డి వాటిలాంటి సరుకు కాదు.

ఎందుకు కాదో చూద్దాం. మన దగ్గర తిరిగే చిన్న బేలరు కట్టే చుట్ట సుమారు 2 అడుగుల లావు, 3 అడుగులకు కాస్త అటూ ఇటూ పొడవు ఉంటుంది. బాగా ఎండిన వరిగడ్డి చుట్ట 18 నుంచి 25 కిలోలు తూగుతుంది. 20 కిలోలు అనుకుందాం. అటువంటి చుట్టలు 50 ఎత్తితే బరువు ఎంత? ఒక్క టన్ను. మూడు, నాలుగు టన్నుల మట్టి మోసే ట్రక్కుకు ఒక టన్ను ఏపాటిది? బరువుకు ట్రక్కు ఏమీ కాదు, ఇరుసు విరగదు, ట్రాక్టరు అవలీలగా లాగేస్తుంది. బరువు తెలియదు కాబట్టే ఇంకో వరుస వెయ్యి, ఇంకో వరుస వెయ్యి అంటాము. ప్రమాదం అక్కడ మొదలవుతుంది. మట్టికి హద్దు బరువు, గడ్డికి హద్దు ఎత్తు. కాబట్టి గడ్డి ట్రక్కును టన్నులతో కొలవకండి, చదరపు అడుగులతో కొలవండి. ఈ మాట మళ్లీ చెబుతాను. గడ్డి ట్రక్కును చదరపు అడుగులతో కొలవండి.

ఇక్కడ కుర్రవాళ్లకు ఒక సంగతి చెప్పాలి. సెల్‌ఫోనులో అమెరికా, కెనడా వీడియోలు చూసి, చుట్టలను తానే ఎత్తుకుని తానే దించే ట్రైలరు మనకూ కావాలని కొందరు అడుగుతున్నారు. అక్కడి చుట్ట వేరు. 1971లో అయోవా రాష్ట్రంలో వెర్మీర్ సంస్థ పెద్ద చుట్టల బేలరును తయారు చేసినప్పటి నుంచి అక్కడ నాలుగైదు అడుగుల లావున్న చుట్టలు కడుతున్నారు. అవి ఒక్కొక్కటి నాలుగైదు వందల కిలోల దాకా తూగుతాయి. మనిషి కదిలించలేడు కనుక ట్రాక్టరు ముందు భాగాన ఇనుప ముల్లు బిగించి ఎత్తుతారు, రెండు వరుసలుగా పేర్చడానికి పట్టాల్లాంటి ఫ్రేము ఉన్న పొడవాటి ట్రైలరు వాడతారు. అక్కడి పొలాలు, అక్కడి రోడ్లు దానికి తగ్గట్టు ఉన్నాయి. ఇద్దరు మనుషులు ఎత్తి వేయగలిగిన 20 కిలోల చుట్టకు, ఎదురుగా ఆటో వస్తేనే ఆగిపోవలసిన కాలువగట్టు రోడ్డుకు ఆ ట్రైలరు పనికిరాదు. దాని మీద డబ్బు పెట్టకండి.

మరి మనకు ఏది పనికొస్తుంది? లెక్క వేద్దాం. చేతిలో కాగితం ఉన్నవారు రాసుకోండి. 12 అడుగుల పొడవు, 6 అడుగుల వెడల్పు ఉన్న మామూలు ట్రక్కు తీసుకోండి. చుట్టలను ట్రక్కుకు అడ్డంగా, అంటే చుట్ట చివరలు రెండు పక్కల డోర్ల వైపు చూసేలా పడుకోబెడితే, వెడల్పులో 2, పొడవులో 6, వెరసి అడుగు వరుసలో 12 చుట్టలు పడతాయి. రెండో వరుస చుట్టలు కింది వాటి మధ్య పల్లాల్లో కూర్చుంటాయి కనుక అక్కడ 10 మాత్రమే పడతాయి. ఇలా 12, 10, 12, 10, 12 అని అయిదు వరుసలు వేస్తే 56 చుట్టలు. పల్లాల్లో కూర్చోవడం వల్ల రెండో వరుస నుంచి ఒక్కో వరుసకు 2 అడుగులు కాక సుమారు 1.7 అడుగులే పెరుగుతుంది కాబట్టి, అయిదు వరుసల ఎత్తు ఇంచుమించు 9 అడుగులు. ట్రక్కు అడుగు పలక, అంటే బెడ్డు, నేల నుంచి 3 అడుగుల పైన ఉందనుకుంటే లోడు నెత్తి 12 అడుగుల దగ్గర ఉంటుంది.

ఇప్పుడు అదే పని 14 అడుగుల పొడవు, 7 అడుగుల వెడల్పు ఉన్న బెడ్డు మీద చేయండి. అడుగు వరుసలో 14, పైన 12, మళ్లీ 14, మళ్లీ 12. నాలుగే వరుసలు, 52 చుట్టలు. ఎత్తు 7 అడుగులకు కొంచెం పైన, నేల నుంచి చూసినా 10 అడుగులే. సరుకు దాదాపు అంతే, ఎత్తు మాత్రం రెండడుగుల దాకా తగ్గింది. ఆ రెండడుగుల విలువ ఎంతో తరువాత చెబుతాను. ముందు ఇంకొక సంగతి గమనించండి. అయిదో వరుసకు చుట్ట విసరాలంటే కింద ఉన్న మనిషి 10 అడుగుల ఎత్తుకు 20 కిలోలు ఎగదోయాలి. మధ్యాహ్నం ఎండలో ఆ పని చేసిన వారికి రెండడుగులు తగ్గడం అంటే ఏమిటో నేను చెప్పనక్కరలేదు.

వెడల్పు 7 అడుగులు ఎందుకన్నానో కూడా చెప్పాలి. కొన్ని బేలర్లు కట్టే చుట్ట 3 అడుగుల పొడవు దాటుతుంది. అటువంటివి రెండు పక్కపక్కన పెడితే 6 అడుగుల బెడ్డుకు రెండు వైపులా బయటికి పొడుచుకు వస్తాయి. అందుకని బెడ్డు చేయించే ముందు మీ ఊళ్లో తిరిగే బేలరు కట్టిన చుట్టలు ఒక పది టేపుతో కొలవండి, తరువాతనే వర్క్‌షాపుకు వెళ్లండి. లోడు ట్రక్కు పక్కలు దాటి బయటికి రావడం ఇప్పుడు చట్టరీత్యా కూడా చిన్న సంగతి కాదు. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించినప్పుడు, హద్దు దాటి పక్కలకో వెనక్కో ఎత్తుకో సరుకు పెంచిన బండికి 20,000 రూపాయల జరిమానా పెట్టారు.

16 అడుగులు చేయిస్తే ఇంకా మంచిది కదా అని ఎవరో అంటున్నారు. మెట్ట దారులయితే అవునండి. చేలకు పోయే మన ఇరుకు మట్టి దారుల్లో, అంటే పుంతల్లో కాదు. ట్రక్కు పొడవు పెరిగేకొద్దీ మలుపులో దాని లోపలి చక్రం ట్రాక్టరు చక్రం నడిచిన దారిలో నడవకుండా లోపలికి కోసుకుపోతుంది. పుంత మలుపులో ఒక పక్క పంట బోదె, ఇంకో పక్క మురుగు కాలువ ఉంటాయి. తూము మీద గోడ కూడా ఉండదు. చుట్టలు అమ్ముకోవడానికి దూరం తోలేవారు, తారు రోడ్డు మీదనే ఎక్కించుకునేవారు 16 అడుగులు పెట్టుకోండి. చేలోంచి పాక దగ్గరికి తోలుకునే రైతుకు 14 అడుగులు చాలు అని నా గట్టి అభిప్రాయం.

చుట్టలను అడ్డంగానే పేర్చాలని ఎందుకు చెప్పాను? చుట్ట గుండ్రంగా ఉంటుంది, దొర్లే గుణం దాని పుట్టుకలోనే ఉంది. పొడవునా పడుకోబెడితే అది పక్కకు దొర్లుతుంది. మన గట్టు రోడ్లు ఒక పక్కకు వాలి ఉంటాయి, ఆ వాలుకు లోడంతా కాలువ వైపు జారుతుంది. అడ్డంగా పడుకోబెడితే ముందుకో వెనక్కో మాత్రమే దొర్లగలదు, ఆ రెండు వైపులా అడ్డు కట్టడం సులభం. బెడ్డు ముందు భాగాన, వెనక భాగాన నిచ్చెన లాంటి ఇనుప ఫ్రేము, బెడ్డు పై నుంచి కనీసం 5 అడుగుల ఎత్తున ఉండాలి. అది గొట్టాల్లో దిగేలా చేయిస్తే ధాన్యం తోలేటప్పుడు తీసి పక్కన పెట్టుకోవచ్చు. పక్క డోర్లు కూడా ఊడివచ్చేవిగా ఉండాలి. చుట్టలను పట్టి ఉంచేది డోర్లు కాదు, మోకులు. ముందు ఫ్రేము నుంచి వెనక ఫ్రేముకు పొడవునా రెండు, వాటికి అడ్డంగా కనీసం రెండు మోకులు వేసి బిగించాలి. కొంత దూరం వెళ్లాక గడ్డి అణిగి మోకు వదులవుతుంది. తారు రోడ్డు ఎక్కే ముందు ఆగి మళ్లీ బిగించండి. లారీలకు వాడే బిగింపు బెల్టులు దొరికితే ఇంకా మేలు.

ఇప్పుడు తీగల సంగతి. దీని దగ్గర కొంచెం ఎక్కువ సేపు ఆగుతాను, ఓపిక పట్టండి. గడ్డి ట్రాక్టరుకు కరెంటు తీగలు తగిలి మంటలు లేచాయన్న వార్త లేకుండా మన రాష్ట్రంలో ఏ కోతల కాలమైనా గడుస్తుందా? రోడ్డు దాటే లైను, ఇళ్లకు కరెంటు ఇచ్చే మామూలుదైతే నేలకు 5.8 మీటర్ల ఎత్తున, 11 కేవీది, అంటే 11 వేల వోల్టులదైతే 6.1 మీటర్ల ఎత్తున ఉండాలని నిబంధన. అవి రోడ్డుకు. చేల మీదుగా పోయే కప్పు లేని తీగకు, 11 కేవీ వరకు, నిబంధన ఒప్పుకున్న ఎత్తు 4.6 మీటర్లే. అంటే 15 అడుగులు. స్తంభం ఒరిగినా, వేసవి వేడికి తీగ సాగినా అది ఇంకా కిందికి వస్తుంది. చేలో ట్రక్కు నిలిపి, 12 అడుగుల లోడు నెత్తి మీద ఒక మనిషి నిలబడి చుట్టలు అందుకుంటున్నాడు. అతని ఎత్తు అయిదున్నర అడుగులు. కూడండి. పదిహేడున్నర. గడ్డికి తీగ తగలడానికి చాలా ముందే ఆ మనిషికి తగులుతుంది. 11 కేవీ తీగ అయితే తగలనక్కర కూడా లేదు, బాగా దగ్గరికి వెళ్తే చాలు, కరెంటు దూకుతుంది. అందుకే ఆ రెండడుగులు. నాలుగు వరుసలతో ఆపితే అదే మనిషి పదిహేనున్నర దగ్గర ఉంటాడు, అది కూడా తీగ కింద చాలదు. కాబట్టి తీగ కింద ట్రక్కు నిలిపి లోడు చేయకూడదు, ఎంత తక్కువ ఎత్తయినా సరే. చేలో లైను ఉంటే ట్రక్కును దానికి దూరంగా పెట్టి చుట్టలను అక్కడికి మోసుకు రండి. ప్రయాణంలో లోడు మీద మనిషిని కూర్చోబెట్టకండి. కొమ్మలు ఎత్తడానికి, తీగలను కర్రతో పైకి లేపడానికి ఒకరిని కూర్చోబెట్టే అలవాటు మనలో ఉంది. పచ్చి కర్రలోంచి కరెంటు పారుతుంది. ఆ అలవాటు ఈ ఏడాదితో ఆగిపోవాలి.

ఒకవేళ తీగ తగిలితే? డ్రైవరు సీటులోనే కూర్చోవాలి, ట్రాక్టరును వెనక్కో ముందుకో తీసి తీగ నుంచి విడిపించగలిగితే విడిపించాలి. కింద ఉన్నవారు ట్రక్కును ముట్టుకోకూడదు, దగ్గరికి రాకూడదు. 1912కు ఫోను చేసి కరెంటు ఆపించాలి. మంట లేచి దిగక తప్పని స్థితి వస్తే, ఒక కాలు నేల మీద, ఒక చెయ్యి ట్రాక్టరు మీద ఉండేలా మెల్లగా దిగకండి. రెండు పాదాలు కలిపి ఒక్కసారి దూరంగా దూకి, పాదాలు కలిపే గెంతుకుంటూ అవతలికి వెళ్లండి. ఇంటికి వెళ్లి మీ డ్రైవరుకు, మీ కుర్రవాడికి ఇది ఒకసారి చేసి చూపించండి.

నిప్పు తీగల నుంచే రానక్కరలేదు. ట్రాక్టరు పొగగొట్టం నుంచి రవ్వ ఎగిరితే చాలు. గొట్టానికి రవ్వలు ఆపే జాలీ మూత పెట్టించండి, ముందు వరుస చుట్టలు గొట్టానికి దగ్గరగా రాకుండా చూడండి, బీడీలు, పొగాకు చుట్టలు తాగేవారిని లోడు దగ్గరికి రానివ్వకండి. ఇళ్ల మధ్య గడ్డి అంటుకుంటే బండిని ఖాళీ చోటికి తోలి ఆపడం మొదటి పని. హైడ్రాలిక్ ట్రక్కు అయితే వెనక డోరు తీసి ఎత్తి లోడును కింద పోసేయవచ్చు, అయితే పైన తీగలు లేవని చూసుకున్న తరువాతే.

ఇక రెండు చక్రాల ట్రక్కా, నాలుగు చక్రాల ట్రక్కా అన్న ప్రశ్న. రెండు చక్రాల ట్రక్కు తక్కెడ లాంటిది, ఇరుసు దాని ముల్లు. లోడు ఇరుసుకు కొంచెం ముందు ఉంటే ట్రాక్టరు హుక్కు మీద తగినంత బరువు పడి ట్రాక్టరు వెనక చక్రాలకు పట్టు దొరుకుతుంది. లోడు వెనక్కి పోతే హుక్కు పైకి లేస్తుంది, వెనక చక్రాలు నేల పట్టు వదులుతాయి, గట్టు ఎక్కేటప్పుడు బండి అదుపు తప్పుతుంది. అందువల్ల ఎక్కించేటప్పుడు ముందు నుంచి మొదలుపెట్టాలి, దించేటప్పుడు వెనక నుంచి మొదలుపెట్టాలి. ముందు వైపు చుట్టలు మొదట దించేస్తే ఏమవుతుంది? వెనక బరువుకు ట్రక్కు మూతి లేచిపోతుంది, ఆ సమయంలో పిన్ను తీసే మనిషి అక్కడ ఉంటే మొహానికి తగులుతుంది. నాలుగు చక్రాల ట్రక్కుకు ఈ తూకం బాధ లేదు, లోడు నిలకడగా ఉంటుంది. కానీ దాన్ని వెనక్కి తోలడం మహా కష్టం. పుంతలో ఎదురు బండి వస్తే వెనక్కి తోలవలసిందే కదా? అందుకని పుంతల ఊళ్లకు రెండు చక్రాల ట్రక్కే మంచిది, నాలుగు చక్రాలది తారు రోడ్డు బేరాలకు. ఏదైనా సరే, హుక్కు పిన్నుకు కింద క్లిప్పు ఉండాలి, దాంతోపాటు ఒక గొలుసు కూడా కట్టి ఉండాలి. పిన్ను ఊడినా ట్రక్కు విడిపోకుండా ఆ గొలుసు ఆపుతుంది.

టైర్ల గురించి. మన నల్లరేగడి దాళ్వా కోతలకు, ఏప్రిల్ నెలలో రాయిలా గట్టిపడుతుంది, ఏ టైరయినా నడుస్తుంది. సార్వా కోతలు అలా కావు. నవంబరు, డిసెంబరు నెలల్లో తుపానుల భయం, పొద్దున మంచు, చేలో తడి. చైన్ల మీద నడిచే కోత మిషను గాడులు వేసి వెళ్లిన చేలోకి, ఎక్కువ గాలి పెట్టిన సన్నటి టైర్లతో లోడు ట్రక్కును దింపితే ఇరుసు దాకా కూరుకుపోతుంది. లారీలకు వాడి తీసేసిన అరిగిన టైర్లు చవకని కొంటారు. అవి తడి నేలలో దిగిపోతాయి, రోడ్డు మీద పేలతాయి. వెడల్పు టైర్లు కొనగలిగితే కొనండి. కొనలేకపోతే సార్వాలో లోడు ట్రక్కును చేలోకి దింపకుండా పుంత మీదనే నిలిపి, చుట్టలను గట్టు దాకా మోయించండి. కూలి ఖర్చు పెరుగుతుంది, నాకు తెలుసు. దిగబడిన ట్రక్కును రెండో ట్రాక్టరుతో లాగించే ఖర్చు, ఆ లాగుడుకు పాడయ్యే చేను, విరిగే హుక్కు, వీటితో పోల్చి చూసుకోండి. పైగా సార్వా చుట్ట తడి పట్టి ఉంటే 20 కిలోలది 30 దాటవచ్చు, నేను ఇందాక చెప్పిన టన్ను లెక్క ఒకటిన్నర టన్నులు అవుతుంది. తడి చుట్టలు దగ్గరగా పేరిస్తే లోపల వేడెక్కి బూజు పడతాయి, ఆ గడ్డిని గేదె ముట్టదు. మంచు ఆరాక కట్టిన చుట్టలనే తోలండి.

బ్రేకులు. మన ట్రక్కుల్లో చాలా వాటికి బ్రేకులు లేవు, ఉన్నా పనిచేయవు. ట్రాక్టరు బ్రేకుతోనే మొత్తం ఆగాలి. ఏటిగట్టు దిగేటప్పుడు, కాలువ వంతెన దిగేటప్పుడు ట్రక్కు వెనక నుంచి నెడుతుంది, ట్రాక్టరు అడ్డం తిరుగుతుంది. రోడ్డు ఎక్కగానే రెండు బ్రేకు పెడళ్లను కలిపే కొక్కెం వేయాలి. విడివిడిగా ఉన్న పెడల్‌లో ఒకటే తొక్కితే బండి ఒక పక్కకు లాగేస్తుంది. దిగుడులో డీజిలు ఆదా అని న్యూట్రల్ చేయకండి, ఏ గేరులో ఎక్కుతారో ఆ గేరులోనే దిగండి. కొత్త ట్రక్కు చేయించేవారు బ్రేకు ఉన్న ఇరుసు అడగండి. ఏటిగట్టు మీద గాలి ఒకటి ఉంది. ఎత్తయిన గడ్డి లోడు గాలికి అడ్డంగా గోడ కట్టినట్టే నిలబడుతుంది, మధ్యాహ్నం సముద్రపు గాలి లేచిన తరువాత గట్టు మీద నెమ్మదిగా తోలండి. బండిని ఏరు దాటించే పంటు ఎక్కించవలసి వస్తే, అది కోటిపల్లి రేవైనా, నరసాపురం–సఖినేటిపల్లి రేవైనా, ఎక్కించగానే చక్రాలకు రెండు వైపులా చెక్క దిమ్మలు పెట్టి బండిని గేరులో ఉంచండి.

రాత్రి ప్రయాణం వీలయినంత మానండి. తప్పకపోతే, లోడు వెనక లైట్లను కప్పేయకుండా చూడండి. చుట్టలు వేలాడి ఎర్ర లైటు కనబడకపోతే వెనక మోటారు సైకిలు మీద వచ్చేవాడికి ముందు ఏముందో తెలియదు. వెనక ఫ్రేముకే ఒక లైటు, రెండు చివర్లా మెరిసే ఎర్ర స్టిక్కర్లు శాశ్వతంగా బిగించండి. పెద్ద ఖర్చు పని కాదు అది.

పాత ట్రక్కును మార్చుకుంటాం, కొత్తది కొనలేం అనేవారు మీలో ఎక్కువ మంది ఉన్నారు, అది నాకు తెలుసు. మార్చవచ్చు. 12 అడుగుల ట్రక్కుకు ముందు వైపు, హుక్కు దూలం మీదకు ఒక అడుగు, వెనక ఒక అడుగు ఫ్రేము పెంచితే 14 వస్తుంది. రెండడుగులూ వెనకే పెంచకండి, తూకం చెడుతుంది. ముందు పెంచేటప్పుడు ట్రాక్టరును రెండు వైపులా పూర్తిగా తిప్పి చూసి, వెనక చక్రానికి ఫ్రేము తగలడం లేదని తేల్చుకున్నాకే వెల్డింగు పెట్టించండి. వర్క్‌షాపుకు వెళ్లేటప్పుడు చుట్ట పొడవు, లావు, బెడ్డు ఎత్తు, ఫ్రేము ఎత్తు, మీ పుంతలో అన్నిటికంటే ఇరుకైన తూము వెడల్పు, ఈ అయిదు కొలతలు కాగితం మీద రాసుకుని వెళ్లండి. సీజను మొదలయ్యే ముందు చక్రాల బేరింగులు విప్పించి కొత్త గ్రీజు పెట్టించండి, పట్టీల బోల్టులు బిగించండి. ఇప్పుడు బయట నిలిపిన రెండు ట్రక్కుల దగ్గరికి వెళ్దాం, టేపు తెచ్చాను, మీరే కొలిచి చూడండి.